అపరాలకు అదనులో తడి – నీటికి, విద్యుత్తుకు పొదుపు

కంది, మినుము, పెసర, శనగ వంటి అపరాలు తక్కువ నీటితో పండే పైర్లు. అయినప్పటికీ పూత, పిందె దశల్లో బెట్టకు గురైతే పూత రాలి, గింజ తాలుపోయి రైతు నష్టపోతాడు. ఆ సమయంలో ఇచ్చే ఒకటి రెండు తడులు పంటను నిలబెడతాయి. అదను తప్పి పెట్టిన నీరు మాత్రం భూగర్భ జలాన్ని, విద్యుత్తును, పెట్టుబడిని వృథా చేస్తుంది. అందువల్ల అపరాల సాగులో తడుల సంఖ్య కంటే ప్రతి తడికి అయిన ఖర్చు, దానివల్ల పెరిగిన దిగుబడి ముఖ్యమైనవి.

ఏ దశలో తడి అవసరం

నల్లరేగడి భూముల్లో శనగ చాలావరకు నేలలోని తేమతోనే పండుతుంది. నీటి వసతి ఉన్నచోట పూతకు ముందు ఒకసారి, గింజ కట్టే దశలో మరొకసారి తేలికపాటి తడి ఇస్తే సరిపోతుంది. కందికి మొగ్గ దశ, కాయ దశ కీలకం. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోసిన మాగాణుల్లో వేసే మినుము, పెసరకు 30 రోజులకు, 55 రోజులకు తడి ఇవ్వవచ్చు. అవసరానికి మించి నీరు పెడితే పైరు ఏపుగా పెరిగి కాపు తగ్గుతుంది. నీరు నిలిచిన చేలో వేరు బుడిపెలకు గాలి అందక నత్రజని స్థిరీకరణ కుంటుపడుతుంది.

ఒక తడికి ఎన్ని యూనిట్లు

ఎకరాకు 5 సెంటీమీటర్ల తడి అంటే సుమారు 2 లక్షల లీటర్ల నీరు. దీనిని 60 మీటర్ల లోతు నుండి పైకి తోడడానికి సిద్ధాంతరీత్యా 33 యూనిట్ల విద్యుత్తు చాలు. అయితే పంపుసెట్టు మొత్తం సామర్థ్యం 30 శాతమే ఉంటే 110 యూనిట్లు ఖర్చవుతాయి. సామర్థ్యం 50 శాతానికి పెరిగితే 66 యూనిట్లతో పని పూర్తవుతుంది. నీటిమట్టం ఎంత దిగజారితే ఈ ఖర్చు అదే నిష్పత్తిలో అంత పెరుగుతుంది.

అదే బోరు కింద రబీ వరికి పంటకాలంలో 120 సెంటీమీటర్ల నీరు పెట్టినట్లయితే అది 24 తడులకు సమానం. 30 శాతం సామర్థ్యం గల పంపుసెట్టుతో ఎకరాకు సుమారు 2,640 యూనిట్లు అవసరమవుతాయి. ఒక ఎకరం వరికి తోడిన ఆ నీటితో 12 ఎకరాల అపరాలకు రెండేసి తడులు ఇవ్వవచ్చు.

ఉచిత విద్యుత్తు పొందే రైతుకు ఈ ఖర్చు బిల్లులో కనిపించదు. ఆ భారం సబ్సిడీ రూపంలో ప్రభుత్వంపై పడుతుంది. రైతు కూడా ఎండిన బోరు, కాలిన మోటారు రూపంలో తన వంతు మూల్యం చెల్లిస్తూనే ఉంటాడు.

డీజిలు ఇంజనుతో తడి ఇచ్చే రైతుకు లెక్క నేరుగా తెలుస్తుంది. ఉదాహరణకు ఎకరా తడికి డీజిలు, కూలీ కలిపి 1,560 రూపాయలు అయినదనుకొందాం. 2025-26లో మినుముకు క్వింటాలుకు 7,800 రూపాయల మద్దతు ధర ప్రకారం 20 కిలోల అదనపు దిగుబడితో ఆ ఖర్చు తిరిగి వస్తుంది. అంతకు మించి దిగుబడి పెరుగుతుందన్న నమ్మకం ఉన్నప్పుడే ఆ తడి లాభదాయకం. పైరు బెట్టలో ఉన్నప్పుడు ఇచ్చే మొదటి తడికి ఈ అవకాశం ఎక్కువ. తేమ చాలినంత ఉన్న చేలో పెట్టే తడికి ఆ ఖర్చు కూడా రాకపోవచ్చు.

తుంపర సేద్యంలో గమనించవలసినది

తుంపర సేద్యంతో తేలికపాటి తడిని చేనంతటికీ సమానంగా ఇవ్వవచ్చు. అయితే తుంపర పరికరాలు పనిచేయడానికి అదనపు ఒత్తిడి కావాలి. ఆ ఒత్తిడి నీటిని మరో 25 మీటర్లు ఎత్తడంతో సమానమనుకొంటే, 60 మీటర్ల లోతు గల బోరు వద్ద నీటి వాడకం సుమారు 30 శాతానికి మించి తగ్గినప్పుడే విద్యుత్తు ఆదా అవుతుంది. అంటే 5 సెంటీమీటర్లకు బదులు మూడున్నర సెంటీమీటర్ల లోపు తడితో సరిపెట్టాలి. 10 మీటర్ల లోతులోనే నీరున్న బావి వద్ద నీరు ఆదా అయినా విద్యుత్తు ఖర్చు పెరగవచ్చు. తక్కువ ఒత్తిడితో పనిచేసే బిందు సేద్యం దూరపు సాళ్లలో వేసే కందికి అనుకూలం.

క్షేత్రస్థాయిలో చేయదగినవి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో సూక్ష్మ సేద్య పథకం ప్రారంభమైంది. 2004లో ఉచిత విద్యుత్తు అమలులోకి వచ్చిన తరువాత ఐఎస్‌ఐ ముద్ర గల పంపుసెట్లు, కెపాసిటర్లు, ఘర్షణ లేని ఫుట్‌వాల్వులు, నాణ్యమైన పైపులు అమర్చుకోవడాన్ని అర్హతకు షరతులుగా చేర్చారు. పరికరాల మెరుగుదలకు తోడు తడి ఇచ్చే అదను కూడా రైతుకు తెలియజేసినప్పుడే పూర్తి ప్రయోజనం కలుగుతుంది.

రబీ ఆరంభానికి ముందే బోర్ల నీటిమట్టం ఆధారంగా గ్రామాల వారీగా పంటల ప్రణాళిక రూపొందించడం, తడి ఇచ్చే ముందు వేరుమండలంలో తేమను పరీక్షించేలా రైతులకు శిక్షణ ఇవ్వడం, పూత, కాయ దశల్లో పగటిపూట విద్యుత్తు సరఫరాకు అంతరాయం లేకుండా చూడడం అవసరం. వ్యవసాయ, భూగర్భ జల, విద్యుత్తు శాఖల సిబ్బంది సమన్వయంతో పనిచేస్తే, ఒక్క బోరు కింద మరిన్ని ఎకరాల అపరాలను బెట్ట బారి నుండి కాపాడవచ్చు.