ఫ్యాక్టరీ ఆగింది... పాట ఆగలేదు!

బోధన్ ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయించే మా మిత్రుడింటికి పొద్దున్నే వెళ్ళాను. ఓ చేత చాయ్, మరో చేత సరిగమలు!

1937లో మొదలైన శక్కర్‌నగర్ నిజాం షుగర్స్ నడిచినన్నాళ్ళూ చెరకు పైసలతో పెళ్ళిళ్ళు, పెళ్ళిళ్ళతో కచేరీలు. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడింది... కచేరీలూ తగ్గాయి. ఇప్పుడు ముహూర్తాలుంటే నిజామాబాద్ ఫంక్షన్ హాళ్ళు, లేకుంటే పిల్లలకు పాఠాలు.

ఒక దశలో కీబోర్డు అమ్మేద్దామనుకున్నాడట. అంతలో 2023లో ‘బలగం’ వచ్చింది. మన నిజామాబాద్ జిల్లా దిల్ రాజు సంస్థ సినిమా, భీమ్స్ బాణీలు! ఊళ్ళో తెర కట్టి వేస్తే చూసొచ్చి, బేరం మానుకున్నాడు.

"మంచి ధర వస్తే?" అని కవ్వించాను.

"పైసలైతే వస్తయ్ అన్నా... పొద్దుగూకితే దోస్తులొచ్చి కూసుంటరు. వాళ్ళకేం వినిపియ్యాలె?"