వాడుకోకపోతే పోయే డబ్బు

ఆకులు రంగు మారే రోజులకు మనలో ఉద్యోగాలు చేసే ప్రతివారికీ కంపెనీ నుంచి ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ కబురు వస్తుంది. మెడికల్, డెంటల్, కంటి ఇన్సూరెన్సులన్నీ అయ్యాక, దాదాపు చివర్న ఒక చిన్న గడి ఉంటుంది. దాని పేరు ఫ్లెక్సిబుల్ స్పెండింగ్ అకౌంట్, క్లుప్తంగా ఎఫ్.ఎస్.ఎ. అక్కడికి వచ్చేసరికి ఓపిక అయిపోయి చాలామంది సున్నా వేసి ఊరుకుంటారు. కొందరు ధైర్యం చేసి ఏదో ఒక అంకె వేస్తారు. డిసెంబరు ఆఖరి వారంలో ఈ రెండో రకం వారు మా మందుల షాపులో బుట్టలు పట్టుకుని కనిపిస్తారు.

2001 నుంచి న్యూజెర్సీలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. ఈ ఖాతా కింద ఏ మందు వస్తుంది, ఏది రాదు అన్న నిబంధన నా కళ్ళముందే మూడుసార్లు మారింది. కౌంటరు దగ్గర మన తెలుగువారు ఎవరైనా ఆగి అడిగితే, వెనక క్యూ పెరిగిపోతూ ఉంటుంది కనుక, రెండు ముక్కల్లో చెప్పి పంపించాల్సి వస్తుంది. ఆ మిగతా ముక్కలే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా అసలు సంగతి. 1978లో వచ్చిన పన్నుల చట్టం సెక్షన్ 125 అనేదాన్ని తెచ్చింది. ఈ ఖాతాలన్నీ దాని నీడలో పుట్టినవే. మీ జీతంలోంచి ఏడాదికి ఇంత అని మీరు చెప్పిన సొమ్మును, పన్ను కోయకముందే పక్కన పెడతారు. దాన్ని వైద్యానికి వాడుకోవాలి. 22 శాతం ఫెడరల్ పన్ను కట్టేవారు 2,000 డాలర్లు పక్కన పెడితే, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌ల 7.65 శాతం కూడా కలుపుకుని సుమారు 590 డాలర్లు మిగులుతుంది. మా న్యూజెర్సీ మాత్రం రాష్ట్ర పన్ను దగ్గర ఈ మినహాయింపు ఇవ్వదు. అన్నిట్లోనూ మాది ప్రత్యేకమే మరి!

ఇందులో రెండు మెలికలున్నాయి. మొదటిది అందరికీ తెలిసిందే, ఏడాదిలోగా వాడుకోకపోతే ఆ డబ్బు పోతుంది. పోవడమంటే ప్రభుత్వానికి కాదు, యజమాని దగ్గరే ఉండిపోతుంది. 1984లో ప్రతిపాదించిన నిబంధనల నాటినుంచీ ఇదే వరస. రెండోది చాలామందికి తెలియదు. మీరు ఏడాదికి ఒప్పుకున్న మొత్తం జనవరి మొదటి రోజునే మీకు అందుబాటులో ఉండాలి. జనవరిలో 2,000 ఖర్చు పెట్టి, జీతంలోంచి 300 మాత్రమే కోసిన దశలో మార్చిలో ఉద్యోగం మారినా, మిగతాది తిరిగి కట్టమని కంపెనీ అడగడానికి వీల్లేదు. ఇటు నష్టం మీది, అటు నష్టం వాళ్ళది. మొత్తం మీద ఇన్సూరెన్సు లాంటి పందెం అన్నమాట.

ఇక మందుల సంగతి. నేను పనిలో చేరిన కొత్తలో డాక్టరు చీటీ ఉన్న మందుకే ఈ ఖాతా డబ్బు వచ్చేది. 2002 ఆఖర్లో క్లారిటిన్ చీటీ లేకుండా అమ్మే మందుగా మారింది. 2003లో ప్రిలోసెక్ కూడా అదే దారి పట్టింది. ఇది విని మొదట అందరూ సంతోషించారు. తీరా చూస్తే, చీటీ అక్కర్లేని మందుకు ఇన్సూరెన్సు కంపెనీలు డబ్బు ఇవ్వడం మానేశాయి. పది డాలర్ల కోపేతో వచ్చే మాత్రలకు జేబులోంచి అంతకు రెండింతలు పెట్టాల్సి వచ్చింది. ఆ సమయంలోనే, 2003 సెప్టెంబరులో, ఐ.ఆర్.ఎస్. ఒక రూలింగు ఇచ్చింది. జబ్బు కోసం కొన్నదైతే చాలు, చీటీ లేని మందులకు కూడా ఎఫ్.ఎస్.ఎ. డబ్బు వాడుకోవచ్చని చెప్పింది. అలర్జీ మాత్రలు, జలుబు మందు, నొప్పి మాత్రలు, కడుపు మంటకు వేసుకునే బిళ్ళలు అన్నీ అందులోకి వచ్చాయి. విటమిన్లు, టూత్‌పేస్టు రాలేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఆరోగ్యంగా ఉండడానికి వాడేది వైద్యఖర్చు కాదు అన్నది వాళ్ళ తర్కం.

ఆ ఏడేళ్ళూ డిసెంబరులో మా షాపు చూసి తీరాలి. ఖాతాలో మిగిలిన 180 డాలర్లు చేజారిపోతాయన్న భయంతో ఆస్పిరిన్ డబ్బాలు, దగ్గు మందు సీసాలు సంక్రాంతి సరుకుల్లా బుట్టల్లో నింపుకునేవారు. గడువు తేదీ చూడమని చెబితే వినే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. పన్ను లేని డబ్బుతో జనం మందులు వృథాగా కొంటున్నారని వాషింగ్టన్‌లో కొందరు విమర్శించారంటే అందులో నిజం లేకపోలేదు. కాకపోతే అంత తొందరపడి కొనేలా చేసింది, వాడకపోతే పోతుందన్న వాళ్ళ నిబంధనే కదా!

2010 మార్చి 23న ప్రెసిడెంటు ఒబామా సంతకం చేసిన ఆరోగ్య సంస్కరణ చట్టం కోట్లమంది ఇన్సూరెన్సు లేనివారికి మేలు చేసింది. అంత పెద్ద చట్టానికి డబ్బు ఎక్కడో ఒకచోట పుట్టాలి. పుట్టించిన చోట్లలో ఈ ఖాతా ఒకటి. 2011 జనవరి 1 నుంచి ఇన్సులిన్ తప్ప మరే మందైనా సరే, డాక్టరు చీటీ ఉంటేనే ఖాతాలోంచి డబ్బు వస్తుందన్నారు. పదేళ్ళలో దీనివల్ల సుమారు 5 బిలియన్ డాలర్లు వస్తాయని కాంగ్రెసు పన్నుల సంఘం లెక్క కట్టింది. కట్టుగుడ్డలు, చంకకర్రలు, షుగరు పరీక్ష పట్టీలు, కాంటాక్టు లెన్సుల ద్రావణం మందులు కావు కనుక వాటి జోలికి పోలేదు.

ఆ జనవరి నాకు బాగా గుర్తు. గల్లా దగ్గర కార్డు గీస్తే అలర్జీ మాత్రలకు డబ్బు రాదు, పక్కనున్న బ్యాండేజికి వస్తుంది. జనం మా మీద విసుక్కునేవారు. పదిహేను డాలర్ల మాత్రల మీద నాలుగు డాలర్ల పన్ను మిగుల్చుకోవడానికి, ఇరవై అయిదు డాలర్ల కోపే కట్టి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. ఆ డాక్టరు జలుబు మందుకు చీటీ రాయడానికి పావుగంట వృథా చేసుకోవాలి. ఆ చీటీ తెస్తే మేము షెల్ఫు మీద ఉన్న డబ్బానే లోపలికి తీసుకుపోయి, లేబులు అంటించి తిరిగి ఇవ్వాలి. తెలివైనవారు ఏడాదికోసారి శరీర పరీక్షకు వెళ్ళినప్పుడే అన్నిటికీ చీటీలు రాయించుకున్నారు. కొందరు చీటీ మందే అడిగి తీసుకున్నారు. దానివల్ల ఇన్సూరెన్సుకు ఖర్చు ఇంకా పెరిగింది. పొదుపు చేద్దామని చేసిన నిబంధన మరో జేబుకు చిల్లు పెట్టిందని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను.

2013లో రెండో దెబ్బ పడింది. అంతకుముందు ఈ ఖాతాకు ఫెడరల్ చట్టంలో పరిమితి లేదు, కంపెనీలే పెట్టుకునేవి. చాలాచోట్ల అది 5,000 డాలర్లు ఉండేది. ఆ ఏడాది నుంచి మనిషికి 2,500 అన్నారు. ఇది మన కుటుంబాలకు ఎక్కడ తగిలిందంటే పిల్లల పళ్ళ దగ్గర. పన్నెండేళ్ళ వయసు వచ్చేసరికి పళ్ళకు తీగలు కట్టించడం ఇక్కడ అక్షరాభ్యాసం లాంటిదైపోయింది. అయిదారు వేలు ఒకే ఖాతాలోంచి కట్టేద్దామనుకున్నవారికి సగం దగ్గరే ఆగిపోయింది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తుంటే, ఎవరి కంపెనీలో వారు వేరువేరుగా పూర్తి మొత్తం పెట్టుకోవచ్చన్న సంగతి మాత్రం చాలామందికి తట్టలేదు. అది ఇప్పటికీ చెల్లుతుంది. ధరలతోబాటు ఆ పరిమితి మెల్లగా పెరుగుతూ వచ్చింది. 2024లో 3,200, 2025లో 3,300, 2026లో 3,400 డాలర్లు.

మిగిలిన డబ్బు విషయంలోనూ కాస్త సడలింపు వచ్చింది. 2005లో మరో రెండున్నర నెలల గడువు ఇవ్వడానికి కంపెనీలకు అనుమతి ఇచ్చారు. 2013 అక్టోబరు ఆఖర్లో, 500 డాలర్ల వరకు మరుసటి ఏడాదికి మోసుకుపోవచ్చన్నారు. అది ఇప్పుడు పరిమితిలో అయిదో వంతు. 2026 నుంచి 2027కు 680 డాలర్ల వరకు తీసుకుపోవచ్చు. అయితే కంపెనీ ఈ రెండింట్లో ఒక్కటే ఇవ్వగలదు. ఏదీ ఇవ్వకపోయినా తప్పులేదు. కనుక పక్కింటాయన కంపెనీ మాట నమ్మి మీ డబ్బు వదిలేయకండి.

చీటీ నిబంధన తొమ్మిదేళ్ళు నడిచింది. దాన్ని తీసేయాలని కాంగ్రెసులో ప్రయత్నాలు జరిగినా, చివరికి పని చేసింది కరోనా. 2020 మార్చి 27న వచ్చిన కేర్స్ చట్టం, ఆ ఏడాది జనవరి 1 నుంచే వర్తించేలా, చీటీ అవసరం తీసేసింది. అదే చట్టంలో స్త్రీలు నెలనెలా వాడే ప్యాడ్లు, టాంపాన్లు కూడా వైద్యఖర్చే అని మొదటిసారి ఒప్పుకున్నారు. అంతవరకూ అవి సొంత అలంకార సామాగ్రితో సమానం! ఇద్దరు ఆడపిల్లలున్న ఇంట్లో ఏడాదికి ఆ ఖర్చు ఎంతో ఏ తల్లినడిగినా చెబుతుంది. ఇంత చిన్న సంగతి ఒప్పుకోవడానికి ప్రపంచమంతా తలుపులు మూసుకోవాల్సి వచ్చింది. ఇది తాత్కాలికం కాదు, ఈ రోజుకీ అమల్లో ఉంది. 2011 నాటి మాట గుర్తుపెట్టుకుని ఇప్పటికీ అలర్జీ మాత్రలకు నగదు ఇచ్చేవారు నాకు వారానికొకరైనా తగులుతున్నారు.

ఇక మనవారికి ప్రత్యేకమైన ప్రశ్నలు. "అక్కా, అమ్మ విజయవాడనుంచి వచ్చింది. దగ్గు మందు ఈ కార్డు మీద కొనచ్చా?" ఇది నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న. కార్డు గీస్తే డబ్బు వస్తుంది, ఎందుకంటే ఆ యంత్రానికి దగ్గు ఎవరిదో తెలియదు. కాని నిబంధన ప్రకారం, మీమీద ఆధారపడినవారు అమెరికా పౌరులో, లేదా అమెరికా, కెనడా, మెక్సికోలలో ఒకచోట నివాసులో అయి ఉండాలి. విజిటరు వీసా మీద వచ్చి నాలుగైదు నెలలు ఉండి వెళ్ళే తల్లిదండ్రులు సాధారణంగా ఆ లెక్కలోకి రారు. గ్రీన్‌కార్డు మీద ఇక్కడే ఉంటూ, వారి పోషణలో సగానికి పైగా మీరే భరిస్తుంటే వస్తారు. అప్పుడు నాన్నగారి పళ్ళ సెట్టుకూ, అమ్మ చెవి మిషనుకూ ఈ డబ్బు వాడవచ్చు. వారికి ఇండియా పెన్షను వస్తోందన్న కారణంతో వైద్యం విషయంలో అడ్డు చెప్పరు.

రెండో ప్రశ్న సూట్‌కేసు గురించి. హైదరాబాదులో కొన్న మందులు తెచ్చుకుని వాటి బిల్లు ఇక్కడ పెట్టవచ్చా? పెట్టకూడదు. విదేశంనుంచి తెచ్చుకున్న, తెప్పించుకున్న మందు మామూలుగా లెక్కలోకి రాదు. డాక్టరు రాసిన మందు అక్కడ కొని, అక్కడే వాడి, అది రెండు దేశాల్లోనూ చట్టబద్ధమైనదైతే వస్తుంది. సెలవులకు వెళ్ళి అక్కడ రూట్ కెనాల్ చేయించుకుంటే అదీ వస్తుంది. చేయించుకున్నవారి పేరు, తేదీ, ఏమి చేశారు, ఎంత తీసుకున్నారు అన్న నాలుగూ ఉన్న రసీదు మాత్రం ఉండాలి. మన ఊళ్ళో మందుల షాపువాడు సిగరెట్ పెట్టె అట్ట మీద కూడిక వేసి ఇచ్చిన కచ్చా చీటీ ఇక్కడ ఎందుకూ పనికిరాదు.

ఆయుర్వేదం గురించి అడుగుతారు. చ్యవనప్రాశ బలానికి తినేదైతే రాదు. ఒక నిర్దిష్టమైన జబ్బును డాక్టరు గుర్తించి, దానికి చికిత్సగా ఫలానాది వాడమని రాసి ఇస్తేనే పరిశీలిస్తారు. ఈ ఉత్తరాల పేరుతో ఇప్పుడో కొత్త వ్యాపారం బయలుదేరింది. నాలుగు ప్రశ్నలకు జవాబు ఇస్తే చాలు, మామూలు తిండికీ, జిమ్ముకూ కూడా డాక్టరు ఉత్తరం పుట్టించి ఇస్తామంటున్నారు. ఇలాంటివి చెల్లవని 2024 మార్చిలో ఐ.ఆర్.ఎస్. స్వయంగా హెచ్చరించింది. ప్రకటన చూసి ఉత్తరం కొన్నవారు దొరికితే, పన్ను కట్టాల్సింది వారే గాని ఉత్తరం అమ్మినవాడు కాదు.

చివరగా ఉద్యోగం పోయినవారి సంగతి, ఎందుకంటే ఈ మధ్య మా కౌంటరు దగ్గర ఎక్కువగా వింటున్నది అదే. 2023 శరత్కాలంలో మనవాడొకడిని కంపెనీ తీసేసింది. వీసా గడువు అరవై రోజులే కనుక మిగతావన్నీ మరిచిపోయాడు. ఖాతాలో 900 డాలర్లు పోయినట్లే అనుకున్నాడు. అతను చేసిన పాత ఖర్చులు, అంటే ఉద్యోగం ఉన్న ఆఖరి రోజులోపు కొన్న మందులు, పిల్లవాడి కళ్ళజోడు, డాక్టరు కోపేలు, ఇవన్నీ తరువాత కూడా పంపుకోవచ్చు. దానికి ప్రతి కంపెనీ కొంత గడువు ఇస్తుంది, తరచు అరవై రోజులో తొంభై రోజులో. రసీదులు లేవన్నాడు. జనవరి నుంచి అతని ఇంటిల్లిపాదీ తీసుకున్న చీటీ మందుల జాబితా మా కంప్యూటరులోనే ఉంది. అచ్చు తీసి ఇస్తే రెండు పేజీలు వచ్చింది, ఒక్కొక్కరికి వేరువేరుగా, తేదీ, మందు పేరు, కట్టిన మొత్తం వరసగా. కళ్ళజోడు షాపూ, పళ్ళ డాక్టరూ అలాగే ఇచ్చారు. 900లో 640 తిరిగి వచ్చింది. ఏ మందుల షాపునైనా అడగండి, ఈ జాబితా ఉచితంగానే ఇస్తారు. కాకపోతే డిసెంబరు 31 సాయంత్రం అయిదింటికి మాత్రం అడక్కండి.