గీకుడు రేకునకు మెఱుగుకమ్మి

వడ్రంగిపని పురుషులకు సంబంధించినదని మనము తలఁచుచుందుము. కాని కొయ్యను రుద్దునపుడు లేచు దుమ్ము ఇల్లాలిని, పసిపిల్లలను విడిచిపెట్టునా? ఈ ప్రశ్న మా యింటఁ బుట్టిన విధమును మనవి చేసెదము.

మా మామగారి నాఁటి టేకు పుస్తకాల బీరువా మెఱుగు పొరలు లేచి పాడయ్యెను. నాంపల్లి స్టేషను దారినుండి యొక పనివానిని పిలిపించితిమి. అతఁడు రెండు దినములు ఉప్పుకాగితముతో రుద్దెను. మెత్తని దుమ్ము వంటయింటి డబ్బాల మీఁదను, పిల్లల పక్కల మీఁదను పేరుకొనెను. ఉబ్బసముగల మా చిన్నవాఁడు రాత్రియంతయు కూర్చుండియే తెల్లవాఱించెను. ప్రపంచారోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనాసంస్థ 1995 లో ప్రచురించిన సంపుటమున కొయ్యదుమ్మును మానవులకు క్యాన్సరు కలిగించు వాటిలోఁ జేర్చినదని మావారు చదివి చెప్పఁగా, పని నిలిపివేసితిమి.

అపుడు నాంపల్లిలోని వృద్ధుఁడైన మేస్త్రీ యొకఁడు “గీకుడు రేకుతో చేస్తే దుమ్ము తక్కువమ్మా, సన్నని పొట్టు రాలుతది” అనెను. ఆ రేకు అఱచేతి పొడవున నుండు పలుచని ఉక్కుపలక. మందము మిల్లీమీటరునకు మించదు. ఆబిడ్సులో నొక దుకాణమున దానిని కొని, అంచు తీర్చుటకేమి కావలయునని యడుగఁగా, అచటివాఁడు స్క్రూడ్రైవరు చాలునని యొకటి యిచ్చెను. ఇంటికి వచ్చి ఎంత రుద్దినను స్క్రూడ్రైవరుపై గీతలు పడెనే కాని, రేకు పొట్టు తీయలేదు. మరల దుమ్మే రాలెను.

మేస్త్రీ వచ్చి చూచి, “తప్పు రేకుది కాదమ్మా, రుద్దిన కమ్మిది. కమ్మి రేకుకన్న గట్టిగుండాలె” అనెను. ముల్లును ముల్లుతోనే తీయవలయునను సామెత యిచటఁ జెల్లదు. రేకు అంచును మొదట ఆకురాయితో సమముగా తీర్చి, సానరాయిపై నునుపు చేయుదురు. పిదప చుక్క నూనె రాచి, కమ్మిని కొంచెము వాల్చి గట్టిగా నొత్తి లాగుదురు. అంతట అంచు వంగి, కంటికి కానరాని కొక్కెమగును. కొయ్యను తీయునది ఆ కొక్కెమే. కమ్మి మెత్తనిదైన కొక్కెమే పుట్టదు.

కమ్మిని ఎన్నుకొనుటకు మూఁడు పరీక్షలు కలవు. మొదటిది కాఠిన్యము. పదునైన ఆకురాయిని కమ్మి కొనపై తేలికగా నడుపవలయును. కఱచి గీత పెట్టినచో కమ్మి మెత్తనిది. గాజుపై వలె జాఱినచో పనికివచ్చును. రెండవది నునుపు. కమ్మిపై నున్న గీత రేకు అంచునకును, అంచునుండి కొయ్యకును దిగును. మూఁడవది ఆకారము. మూఁడంచుల కమ్మి ఒత్తిడిని ఒకచోటఁ జేర్చును గాని, క్రొత్తచేతిలో అంచును చెడఁగొట్టును. నేర్చుకొనువారికి పిడిగల సన్నని గుండ్రని కమ్మి మేలు.

ఇందులకై చేసిన కమ్మియే కావలయునని లేదు. పాత ఆకురాయి పండ్లను పూర్తిగా అరుగదీసి నునుపు చేసినను చాలును. అరుగదీయునపుడు మాటిమాటికి నీట ముంచవలయును; వేఁడికి నీలిరంగు తిరిగిన ఉక్కు కాఠిన్యమును కోలుపోవును. బరమా కమ్ముల మొదళ్లు కొన్ని మెత్తనివి గనుక పరీక్షింపక కొనరాదు. టంగ్‌స్టన్ కార్బైడు కమ్మి మిక్కిలి గట్టిది, కాని నేలఁ బడిన విఱుగవచ్చును. కొక్కెము పుట్టెనా యని చూచుటకు వ్రేలిని అంచునకు అడ్డముగా వెలుపలికి జరుపవలయునే కాని పొడవున నడుపరాదు, తెగును.

మేస్త్రీ తన హైస్పీడు స్టీలు కమ్మితో నాలుగుమార్లు లాగి రేకు మాకిచ్చెను. మేమే వసారాలో గీకితిమి. ఉల్లిపొర వంటి పొట్టు చుట్టలు చుట్టుకొని రాలెను; చీపురుతో నొకమారు తుడిచిన సరిపోయెను. ఆ రాత్రి చిన్నవాఁడు పండుకొని నిద్రించెను.

ఒక్కమాట. రంగు వేసిన పాత సామానును ఇంట గీకవలదు. పాత రంగులలో సీసముండవచ్చును. తక్కిన వాటికి రేకు కొనఁబోవు సోదరీమణులు ముందుగా కమ్మిని పరీక్షించి కొందురుగాక! పనిముట్టునకు పదునిచ్చు పనిముట్టు మంచిదైననే పని చక్కఁబడును.