నారాయణగూడ నుండి నగర గ్రంథాలయము దాక

రాజధానికి పనిమీద వచ్చు పంచాయతీ సభ్యులు చార్మినారు, గోలకొండ చూచి మరలిపోవుట పరిపాటి. ఒక పూట మిగిలినచో నారాయణగూడ నుండి చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగర్ దాక కాలినడకన పోవచ్చును. దారిలో కోటలు, మీనారులు ఆశింపరాదు. చూడవలసినవి చదువుల కొరకు వెలసిన కట్టడములు.

నారాయణగూడలోని మాడపాటి హనుమంతరావు బాలికోన్నత పాఠశాల 1928లో ఆరంభమైనది. నాడు నిజాము రాజ్యమున ఉన్నత విద్య ఉర్దూలో సాగుచుండెను. ఆడపిల్లలకు తెలుగులోనే చదువు చెప్పవలెనని హనుమంతరావు పంతులుగారు పూనుకొనిరి. అందువలన పరీక్షలకై పాఠశాలను కార్వే మహాశయుడు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయమునకు అనుబంధింపవలసివచ్చెను. ఊరి బడికి ఒక గది కట్టించుటకే ఎన్ని అర్జీలు పెట్టవలెనో ఎరిగిన సభ్యులకు ఈ శ్రమను విప్పి చెప్పనక్కరలేదు.

నారాయణగూడలోనే కేశవ మెమోరియల్ విద్యాలయము కలదు. అది హైకోర్టు న్యాయమూర్తి కేశవరావు కొరట్కర్ స్మృత్యర్థము 1940లో నెలకొల్పబడినది.

అచటినుండి ఆర్.టి.సి. చౌరస్తా వైపు సాగినచో చిక్కడపల్లి. సంగీత సభలకు పేరొందిన త్యాగరాయ గానసభయు, దానికి చేరువలో నగర కేంద్ర గ్రంథాలయమును ఇచట నున్నవి. ఉద్యోగ పరీక్షల శిక్షణకై అశోక్‌నగర్ చేరిన పల్లెల యువతీయువకులు ఈ గ్రంథాలయమున గంటల తరబడి చదువుచుందురు. మీ ఊరి పిల్లలే కనిపించినను వింత లేదు. పలుకరింపదలచినచో బయటికి పిలిచి మాటాడుడు.

ఇట్టి గ్రంథాలయములకు ఆధారము 1960 నాటి చట్టము ననుసరించి ఆస్తిపన్నుపై వసూలగు సెస్సు. నేడది రూపాయికి 8 పైసలు. గ్రామ పంచాయతీలు ఇంటిపన్నుతో పాటు వసూలు చేయు ఆ పైకమును జిల్లా గ్రంథాలయ సంస్థకు చెల్లింపవలెను.