నగరవాసులు క్రొత్తవారియెడ కఠినులా?

నగరమునకు పోయి వచ్చినవారిని అడిగినచో రెండు విధములగు సమాధానములు వచ్చును. “అక్కడ ఎవరికి ఎవరూ లేరు, ప్రక్క గదిలో మనిషి పడిపోయినా తొంగి చూచేవారుండరు” అని కొందరు చెప్పుదురు. “పేరైనా తెలియని ఆయన నన్ను వెంటబెట్టుకొని వెళ్ళి బస్సు ఎక్కించినాడు” అని మరికొందరు చెప్పుదురు. ఈ రెండు మాటలును నిజమే. రెండును ఒకే నగరమును గూర్చి చెప్పినవే.

ఇట్లు ఏల జరుగుచున్నదో తెలిసికొనుట కేవలము కుతూహలము కొరకు కాదు. చదువునకు, కూలికి, ఉద్యోగమునకు, వైద్యమునకు మన గ్రామములనుండి ఎందరో హైదరాబాదునకు పోవుచున్నారు. నగరమనిన భయపడువాడు అక్కర కలిగినపుడు నోరు తెరచి అడుగలేడు. అందరును మంచివారే అని నమ్మువాడు మోసపోవును. బయలుదేరువారికి సరియైన మాట చెప్పి పంపవలసిన బాధ్యత గ్రామ పెద్దలది, అందును పంచాయతీ సభ్యులది.

తొందర వేరు, తిరస్కారము వేరు

రెండువేల జనాభా గల గ్రామమున ప్రతివారును ముఖపరిచయము గలవారే. క్రొత్త మనిషి కనబడగానే “ఏ ఊరు బాబూ? ఎవరింటికి?” అని అడుగుదుము. 2011 జనాభా లెక్కల ప్రకారము గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థ పరిధిలో 67 లక్షలకు పైగా జనులుండిరి. అక్కడ పనికి పోవు మనిషికి ప్రతి ఉదయమును మన ఊరి జాతరలో కనబడునన్ని క్రొత్త ముఖములు కనబడును. అందరిని పలుకరించుచు పోయినచో అతడు వేళకు పని చేరజాలడు. కావున చూచియు చూడనట్లు నడచుట అతనికి అలవాటగును. దానిని మనము గర్వమని తలంతుము.

ఈ విషయమును పండితులు చాలకాలముగా పరిశీలించుచున్నారు. నగరజీవి మౌనము ఆత్మరక్షణకై ఏర్పడిన అలవాటని జర్మనీ దేశపు పండితుడు గియోర్గ్ జిమ్మెల్ 1903లో వ్రాసెను. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు స్టాన్లీ మిల్‌గ్రామ్ 1970లో ఒక పరిశీలనను ప్రకటించెను. ముక్కుమొగము తెలియనివారు న్యూయార్కు నగరమునను, చిన్న పట్టణములలోను ఇండ్ల తలుపులు తట్టి, టెలిఫోను వాడుకొననిమ్మని అడిగిరి. నగరమున నూటికి 75 మంది తలుపు తీయకయే లోపలినుండి సమాధానమిచ్చిరి. చిన్న పట్టణములలో దాదాపు అంతే మంది తలుపు తెరచిరి. నగరవాసి తలుపు మూసినది ద్వేషముచే కాదు, భయముచే.

అయినను నగరములన్నియు ఒకే రీతిగా నుండవు. రాబర్ట్ లెవీన్ అను మరియొక పండితుడు తన సహచరులతో ప్రపంచమందలి 23 పెద్ద నగరములలో, దారిన పోవువారు అపరిచితులకు ఎంత సాయపడుదురో పరీక్షించి 2001లో ఫలితములు ప్రకటించెను. బ్రెజిల్ లోని రియో డి జనీరో ప్రథమ స్థానమున నిలిచెను. జనసమ్మర్దమునకు పేరుగన్న మన కలకత్తా కూడ పైవరుసలోనే యుండెను. నగరము పెద్దదైనంత మాత్రమున మనుష్యుల మనస్సు చిన్నది కానక్కరలేదని దీనివలన తెలియుచున్నది.

హైదరాబాదు మాటతీరు

1591లో వెలసిన హైదరాబాదు మొదటినుండియు వలస వచ్చినవారి నగరమే. ఇరానీలు వచ్చి చాయ్ హోటళ్ళు పెట్టిరి. మార్వాడీలు వర్తకమునకై వచ్చిరి. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినపుడు కర్నూలునుండి ఉద్యోగులు కుటుంబములతో తరలివచ్చిరి. నేడు అక్కడ పాతకాపులుగా కనబడు పలువురి తాతలో, తండ్రులో ఒకనాడు చేతిసంచితో దిగినవారే.

ఇచ్చట క్రొత్తవారిని తరచుగా నొప్పించునది మనిషి కాదు, మాటతీరు. గోదావరి జిల్లాలనుండి వచ్చినవారికి మాట చివర “అండి” లేనిదే మర్యాద లేదని తోచును. హైదరాబాదు మనిషి చనువుతో “నువ్వు” అన్నచో వారు అవమానమని తలంతురు. “నక్కో” అనిన వద్దని అర్థము, కసురుట కాదు. “హౌ” అనిన అవునని అర్థము. ఆ మనిషియే “అన్నా” అని పిలిచిన వెంటనే నిలబడి దారి చూపును. ఒకరి యాసను మరియొకరు వెక్కిరించుటవలన వెనుక ఎన్నియో మనస్పర్థలు కలిగినవి. కావున పోవువారికి ముందుగా చెప్పవలసిన మాట ఇది: యాసను బట్టి మనిషిని తూచవద్దు.

అడుగుటకును ఒక పద్ధతి కలదు. రద్దీలో మనిషిని ఆపి మన కుటుంబకథ అంతయు చెప్పబోయినచో అతడు వినక వెడలిపోవును. “అన్నా, కోఠీ బస్సు ఎక్కడ ఆగుతుంది?” అని ఒక్క ప్రశ్న అడిగినచో జవాబు చెప్పని వారు అరుదు. పోవలసిన చోటు పేరు, దగ్గరి గుర్తు, అచ్చటి వారి ఫోను సంఖ్య కాగితముపై వ్రాసికొని పోవుట మేలు. సెల్‌ఫోను పోవచ్చును, చార్జి అయిపోవచ్చును. జేబులోని కాగితము ఉండును. దారి అడుగుటకు కండక్టరు, ట్రాఫిక్ పోలీసు, నిలకడగా దుకాణము పెట్టుకొన్నవారు తగినవారు.

తీపి మాటల విషయమున జాగ్రత్త

క్రొత్తవారికి అసలు కీడు కసురుకొనువానివలన కాదు, అడుగకయే ఆదరించువానివలన కలుగును. మనము ఎంచుకొని అడిగిన మనిషి సాధారణముగా మోసగాడు కాడు. బస్సు దిగగానే తానుగా ఎదురువచ్చి, సంచి అందుకొని, పని చూపుదును, గది చూపుదును అనువాని విషయమున జాగ్రత్త వహింపవలెను. పని దొరకక ముందే సొమ్ము అడుగువానిని, ఆధార్ కార్డు, సర్టిఫికెట్ల అసలు ప్రతులు ఉంచుకొనువానిని నమ్మరాదు. ఆడపిల్లలకు దూరపు ఊరిలో ఉద్యోగమని చెప్పువారిని విచారింపకయే పంపరాదు. ఆపద కలిగినచో 112 సంఖ్యకు, పిల్లల విషయమున 1098కి, స్త్రీల సహాయమునకు 181కి ఫోను చేయవచ్చును. ఈ మూడు సంఖ్యలను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించుట మంచిది.

2020 నేర్పిన పాఠము

2020 మార్చి 25న కరోనా వ్యాధి కారణముగా దేశమంతట లాక్‌డౌన్ విధింపబడెను. పనులు పోయిన కూలీలు హైదరాబాదునుండి నాగపూరు వైపు 44వ జాతీయ రహదారిపై కాలినడకన స్వస్థలములకు బయలుదేరిరి. ఆ దారివెంట నగరవాసులు అన్నము, నీరు పంచిరి. ఎవరి ఊరేది, భాష ఏది అని అడుగలేదు. అదే సమయమున పెక్కు గ్రామములవారు పొలిమేరలలో ముండ్లకంప అడ్డము వేసి, క్రొత్తవారిని కాదు, సొంత ఊరివారినే రానీయకపోయిరి. తప్పు పట్టుటకు ఈ మాట చెప్పుట లేదు, ప్రాణభయము అట్టిది. దయ గ్రామమునకు, కాఠిన్యము నగరమునకు పుట్టుకతో వచ్చినవి కావు. ఎదుటివాని అవసరము కండ్లకు కనబడినచోట దయ పుట్టును. అతడెవరో తెలియక భయము కలిగినచోట తలుపు మూసికొనును.

పంచాయతీలు చేయదగిన పనులు

అపరిచితుడు పరిచితుడైనచో సగము కష్టము తీరును. ఇందుకు పెద్ద వ్యయమక్కరలేదు.

మొదటిది, వలసపోవువారి పుస్తకము. ఎవరు, ఎక్కడికి, ఏ మేస్త్రీ వెంట పోవుచున్నారో, ఇంటివారి ఫోను సంఖ్య ఏదో వ్రాసి యుంచవలెను. 2014 జూన్ 28న చెన్నై సమీపమున మౌలివాకమునందు కట్టుచున్న భవనము కూలి 61 మంది మరణించిరి. వారిలో ఉత్తరాంధ్ర జిల్లాల కూలీలు పలువురు కలరు. అట్టి ఆపద వచ్చిననాడు తమవారు ఎక్కడ ఉన్నారో తెలియని ఇంటివారికి ఈ పుస్తకమే ఆధారమగును.

రెండవది, నగరమున స్థిరపడిన మన ఊరివారి జాబితా. క్రొత్తగా వచ్చువారికి మొదటి రెండు దినములు దారి చూపుటకు సమ్మతించువారు ఇద్దరు ముగ్గురున్నను చాలును. వారి అనుమతితోనే వారి సంఖ్యలను ఇవ్వవలెను.

మూడవది, కాగితములు. 2019 ఆగస్టులో రెండు తెలుగు రాష్ట్రముల మధ్య మొదలైన రేషను సౌకర్యము తరువాత దేశమంతట విస్తరించెను. వలసపోయిన చోటనే ఆహారధాన్యము తీసికొనవచ్చును. 2021 ఆగస్టులో ప్రారంభమైన ఈ-శ్రమ్ నమోదువలన అసంఘటిత కార్మికునకు 12 అంకెల గుర్తింపు సంఖ్య లభించును. బయలుదేరుటకు ముందే వీనిని సరిచూచుకొనునట్లు చేయవలెను.

నాలుగవది, మన ఊరికి వచ్చు క్రొత్తవారు. ఇటీవలి సంవత్సరములలో తెలంగాణ గ్రామములకు వరి నాట్లు వేయుటకు బీహారు, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాలునుండి కూలీలు బృందములుగా వచ్చుచున్నారు. వారికి మన భాష రాదు. నగరమున మనవాడెట్లు దిక్కులు చూచునో, మన చెరువుగట్టున వారును అట్లే దిక్కులు చూతురు. వారికి తలదాచుకొన చోటు, త్రాగునీరు, జ్వరము వచ్చిన చూపించు దారి కలవా? ఒప్పుకొన్న కూలి పూర్తిగా ముట్టుచున్నదా? ఇవి పంచాయతీ సమావేశమున అడుగవలసిన ప్రశ్నలు.

నోరు మంచిదైతే ఊరు మంచిదగునని మన పెద్దల మాట. నగరమునకు పోవు మన బిడ్డకు ఆ మంచి నోటిని, ఒక చిరునామాను, సరియైన కాగితములను ఇచ్చి పంపుదము. మన ఊరికి వచ్చిన పరాయి బిడ్డను “ఏ ఊరు బాబూ?” అని ముందుగా మనమే పలుకరింతము. తెలుగువారు మంచివారా, కఠినులా అని అతని ఊరిలోను రేపు ఎవరో ఒకరు అడుగుదురు.