పచ్చకామెర్లు: పసరు ముందా, పరీక్ష ముందా?

"పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనబడుతుంది" అని మన పెద్దలు సామెత చెబుతారు. నిజానికి కామెర్లు వచ్చినవాళ్ళకి లోకం మామూలుగానే కనబడుతుంది. వాళ్ళ కళ్ళే మనకి పచ్చగా కనబడతాయి. సామెతలో ఉన్న ఈ చిన్న పొరపాటు లాంటివి మన ఇళ్ళలో కామెర్ల గురించి ఇంకా చాలా ఉన్నాయి. జూలై 28 ప్రపంచ హెపటైటిస్ దినం. ఆ సందర్భంగా మన విద్యార్థులకి, తల్లిదండ్రులకి ఈ నాలుగు మాటలు.

బాగాయంలో ఉండే మనకి ఒకపక్క సి.ఎం.సి. వైద్య కళాశాల ఉంది. ఇంకోపక్క "ఫలానా ఊళ్ళో పసరు పోస్తారు, మూడు పూటలు తాగితే చాలు" అని చెప్పే చుట్టాలూ ఉన్నారు. ఇంట్లో ఒకరికి కళ్ళు పచ్చబడితే ఎటు పోవాలి? ఈ ప్రశ్నకి జవాబు తెలియాలంటే ముందు కామెర్లు అంటే ఏమిటో తెలియాలి.

కామెర్లు జబ్బు కాదు, గుర్తు

మన రక్తంలోని ఎర్ర కణాలు సుమారు 120 రోజులు బతుకుతాయి. పాతవి విరిగిపోయినప్పుడు వాటినుంచి బిలిరుబిన్ అనే పసుపు పదార్థం వస్తుంది. దాన్ని కాలేయం, అంటే మనం లివరు అంటామే అది, పట్టుకొని పైత్యరసంలో కలిపి పేగుల్లోకి పంపిస్తుంది. ఈ దారిలో ఎక్కడ ఆటంకం వచ్చినా బిలిరుబిన్ రక్తంలోనే నిలిచిపోతుంది. మామూలుగా అది డెసిలీటరుకి 1 మిల్లీగ్రాము దగ్గర ఉంటుంది. 2, 3 దాటితే కళ్ళు పచ్చబడతాయి.

కాబట్టి పచ్చదనం అనేది జ్వరం లాంటిది. జ్వరం ఎన్నో కారణాలతో వచ్చినట్టే కామెర్లూ ఎన్నో కారణాలతో వస్తాయి. కలుషితమైన నీళ్ళు, తిండి వల్ల హెపటైటిస్ ఎ, ఇ వస్తాయి. రక్తం, సూదులు, కాన్పు సమయంలో తల్లినుంచి బిడ్డకి అంటుకోవడం వంటి దారుల్లో హెపటైటిస్ బి వస్తుంది. హెపటైటిస్ సి ఎక్కువగా రక్తం ద్వారానే వస్తుంది. ఎలుక జ్వరం, మలేరియా, సారాయి, కొన్ని మందులు, పైత్యరసం దారికి రాయి అడ్డుపడటం, రక్తకణాలు ఎక్కువగా విరిగిపోయే జబ్బులు, ఇవన్నీ కూడా కళ్ళని పచ్చబరుస్తాయి. రాయి అడ్డుపడితే రాయి తీయాలి. మలేరియా అయితే మలేరియా మందు వేయాలి. అన్నిటికీ ఒకే పసరు ఎలా సరిపోతుంది?

మరి పసరుతో నయమైందంటారే?

ఔను, నయమైనవాళ్ళు ఉన్నారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. పిల్లల్లో ఎక్కువగా వచ్చేది హెపటైటిస్ ఎ. అది ఒంట్లో చేరిన సుమారు నాలుగు వారాలకి బయటపడుతుంది. తర్వాత చాలామందిలో రెండు నెలల్లోపు దానంతట అదే తగ్గిపోతుంది. ఆ సమయంలో పసరు తాగినా, మాత్రలు మింగినా, ఊరికే గంజి తాగి పడుకున్నా తగ్గేది తగ్గుతుంది. చివరికి ఏది తీసుకున్నామో దానికి పేరు వస్తుంది. పేరు రాకుండా పోయేది మన కాలేయానికే!

ప్రమాదం ఎక్కడంటే, అదే పసరు మీద నమ్మకంతో హెపటైటిస్ బి ఉన్నవాళ్ళు, రాయి అడ్డుపడినవాళ్ళు కూడా వారాల తరబడి ఆగిపోతారు. హెపటైటిస్ బి లో పచ్చదనం తగ్గినా వైరస్ లోపలే ఉండిపోవచ్చు. కళ్ళు తెల్లబడ్డాయి కదా అని ఊరుకుంటే, ఏళ్ళ తర్వాత కాలేయం గట్టిపడిపోయాక గానీ సంగతి తెలియదు.

నేల ఉసిరి కథ

మన వైపు పసర్లలో ముఖ్యమైనది నేల ఉసిరి. తమిళంలో కీళానెల్లి అంటారు. వానలు పడగానే గట్ల మీద, ఇంటి పెరట్లో మొలుస్తుంది, ఆకుల కింద చిన్న చిన్న కాయలుంటాయి. సిద్ధ, ఆయుర్వేద వైద్యాల్లో కామెర్లకి దీన్ని చాలా కాలంగా వాడుతున్నారు.

దీన్ని శాస్త్రవేత్తలు కొట్టిపారేయలేదు, పరీక్షించారు. మద్రాసులో త్యాగరాజన్ బృందం హెపటైటిస్ బి ఉన్నవాళ్ళకి ఎండిన నేల ఉసిరి పొడిని 200 మిల్లీగ్రాముల చొప్పున రోజుకి మూడుసార్లు 30 రోజులు ఇచ్చింది. హెపటైటిస్ బి వైరస్‌ని కనుగొని 1976లో నోబెల్ బహుమతి పొందిన బ్లంబర్గ్ కూడా ఆ బృందంలో ఉన్నారు. ఆయన పుట్టినరోజే ఈ జూలై 28. పొడి తీసుకున్న 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు కనబడలేదని, ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగిందని 1988లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. ప్రపంచమంతా ఆశపడింది. కానీ తర్వాత థాయిలాండులో, న్యూజిలాండులో చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు. 2011లో పరీక్షలన్నిటినీ కలిపి చూసిన సమీక్ష కూడా, ఉత్తుత్తి మందు కన్నా ఇది మేలని నమ్మడానికి తగిన ఆధారం లేదని తేల్చింది.

దీనికి ఎదురుగా ఇంకో కథ ఉంది. పుట్టిన బిడ్డకి పచ్చదనం వస్తే పొద్దుటి ఎండలో చూపించమని మన అవ్వలు చెబుతారు. 1950లలో ఇంగ్లండులోని రోచ్‌ఫోర్డ్ ఆసుపత్రిలో ఒక నర్సు కూడా ఎండలో ఉంచిన బిడ్డల పచ్చదనం తగ్గడం గమనించింది. డాక్టర్లు దాన్ని పరీక్షించారు, నిజమని తేలింది. ఈరోజు ఆసుపత్రుల్లో పసిబిడ్డల్ని నీలి దీపం కింద ఉంచడం అలా మొదలైనదే. అంటే ఒక వైద్యం ఇంట్లో పుట్టిందా, ఆసుపత్రిలో పుట్టిందా అన్నది కాదు ముఖ్యం, పరీక్షకి నిలిచిందా అన్నదే ముఖ్యం. అయితే ఇప్పుడు దీపం ఉంది కాబట్టి ఎండని నమ్ముకొని ఆగకండి. పుట్టిన మొదటి 24 గంటల్లోనే పచ్చబడినా, అరికాళ్ళు పచ్చబడినా, బిడ్డ పాలు సరిగా తాగకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. పసిబిడ్డకి ఏ పసరూ పోయకూడదు.

వద్దే వద్దనాల్సినవి

వాతలు పెట్టడం: కాలిన పుండు మిగులుతుంది తప్ప కామెర్లు పోవు.

చేతులు కడిగి "పచ్చనీళ్ళు దిగాయి" అని చూపించడం: మామిడి బెరడు రసం రాసిన చేతులకి సున్నం నీళ్ళు తగిలితే పసుపు రంగు వస్తుంది. ఆ రంగు ఒంట్లోనుంచి వచ్చింది కాదు. కామెర్లు లేనివాళ్ళ చేతులు కడిగినా వస్తుంది.

ముక్కులో పసరు పోయడం: ముక్కు లోపలి పొర మండి నీరు కారుతుంది, అంతే.

కఠినమైన పత్యం: ఉప్పు లేదు, నూనె లేదు అని పిల్లల్ని ఎండగట్టకండి. కాలేయం కోలుకోవడానికి తిండి కావాలి. అన్నం, పప్పు, మజ్జిగ, పండ్లు, ఏది సహిస్తే అది కొంచెం కొంచెంగా పెట్టండి. సారాయి మాత్రం ఎవరూ ముట్టకూడదు.

"మూలికే కదా, ఏమీ చేయదు" అనుకోవడం: కరోనా సమయంలో తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు ముంబయి డాక్టర్లు గమనించారు. ఎవరు చేశారో, ఏం కలిపారో తెలియని పసరు ఇంకా ప్రమాదం. సిద్ధ వైద్యమే కావాలనుకుంటే చదువుకున్న, నమోదైన సిద్ధ వైద్యుల దగ్గరికి వెళ్ళండి. ఏం తాగారో డాక్టరు తిడతారని దాచకండి, చెప్పండి.

మరి ఏం చేయాలి?

కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు పసుపుగా వస్తున్నా మొదట రక్తపరీక్ష చేయించండి. బిలిరుబిన్, కాలేయ పరీక్షలు, హెపటైటిస్ బి పరీక్ష ముఖ్యం. హెపటైటిస్ ఎ అని తేలితే దానికి ప్రత్యేకమైన మందు లేదు, విశ్రాంతి, తిండి, నీళ్ళు చాలు. హెపటైటిస్ సి ఇప్పుడు సుమారు 12 వారాల మాత్రలతో నయమవుతోంది. బి కి వైరస్‌ని అణచిపెట్టే మందులున్నాయి. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద బి, సి లకి ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష, మందులు ఉచితం.

మగతగా ఉండటం, మాట తడబడటం, ఆగని వాంతులు, ఎక్కడైనా రక్తం కారడం, పొట్ట ఉబ్బడం, చలిజ్వరం, మలం తెల్లగా పోవడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆ రోజే ఆసుపత్రికి పోండి. గర్భిణికి కామెర్లు వస్తే ఒక్క పూట కూడా ఆగవద్దు. చివరి నెలల్లో హెపటైటిస్ ఇ తల్లి ప్రాణానికే ముప్పు.

బడి పిల్లలకి

హెపటైటిస్ ఎ వచ్చిన పిల్లలు కళ్ళు పచ్చబడిన తర్వాత కనీసం వారం రోజులు బడికి రాకూడదు. ఆ లోపల ఇతరులకి అంటుకుంటుంది. మరుగుదొడ్డికి పోయి వచ్చాక, అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. నీళ్ళని బాగా మరిగించి తాగండి. ఒకరి సీసాలో నీళ్ళు ఇంకొకరు తాగకండి.

తల్లిదండ్రులారా, టీకా కార్డు ఒకసారి తీసి చూడండి. హెపటైటిస్ బి టీకా మొదటిది పుట్టిన 24 గంటల్లో, తర్వాతవి 6, 10, 14 వారాలకి వేస్తారు. ఒకప్పుడు దిగుమతి అయిన ఈ టీకా మామూలు ఇళ్ళకి అందేది కాదు. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ మన దేశంలోనే తయారుచేసి ధర దించింది. దీన్ని కూడా కలిపిన ఐదింటి టీకా 2011 డిసెంబరులో మొదట తమిళనాడు, కేరళలోనే మొదలైంది. కార్డులో వీటిలో ఏదైనా ఖాళీగా కనబడితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి.

పసరు తాగాలా వద్దా అన్న మాట తర్వాత మాట్లాడుకుందాం. ముందు పరీక్ష చేయించండి.