గోడకు బూడిద గుమ్మడి రంగు

పండగ ముందు ఇంటికి రంగు వేయించదలచిన వారు దుకాణంలో రంగుల కార్డు ముందేసుకుని తర్జనభర్జన పడటం మామూలే. ఆ కార్డుల్లో ఇప్పుడు బూడిద కలిసిన లేత ఆకుపచ్చ ఒకటి కనిపిస్తోంది. ఇంగ్లీషు పేరుతో కొత్తదిగా తోచినా మనకిది పాత చుట్టమే. పాదు మీద ముదిరిన బూడిద గుమ్మడికాయను చూడండి, జిల్లేడాకును చూడండి. ఇంచుమించు అదే రంగు.

కంటికి చలవగా ఉంటుంది. ఎర్ర గచ్చు, టేకు తలుపులు, పసుపు రాసిన గడప ఉన్న ఇంటికి బాగా అమరుతుంది. కిటికీ సరిగా లేని చీకటి గదికి మాత్రం వద్దు. అక్కడ గోడకు పాచి పట్టినట్టే ఉంటుంది. డబ్బు పోసి పాచి పట్టించుకోవడం ఎందుకు? కార్డు చూసి డబ్బా కొనేయకుండా ముందు గోడ మీద మూరెడు మేర పూసి, పగలొకసారి, దీపాలు పెట్టాక ఒకసారి చూసుకోవాలి.

సున్నంతోనూ వస్తుంది

ఈ రంగుకు ఖరీదైన డబ్బాలే అక్కర్లేదు. గచ్చుల్లో కలిపే ఆకుపచ్చ ఆక్సైడ్ పొడిని సున్నంలో కొద్దిగా కలిపితే దాదాపు ఇదే వస్తుంది. క్రోమియం ఆక్సైడ్ పొడి సున్నపు ఘాటుకు విరగదు, ఎండకు వెలవదు. నీలం, పసుపు పొడులు కలిపి చేసిన కొన్ని పచ్చరంగులు సున్నంలో నిలవవు గనుక దుకాణంలో అడిగి తీసుకోవాలి.

కిలో రాతి సున్నానికి సుమారు 5 లీటర్ల నీరు పోసి ఒక రోజు నాననిచ్చి, గుడ్డలో వడగట్టాలి. 10 లీటర్ల సున్నపు పాలకు 40 గ్రాముల జిగురు వేడినీళ్లలో కరిగించి కలపాలి. రంగుపొడి సున్నం బరువులో పదో వంతు దాటకూడదు. ఆరాక రంగు బాగా తేలిపోతుంది, తడి మీద చూసి కంగారు పడవద్దు. సున్నం తడిపేటప్పుడు కుతకుత ఉడుకుతుంది. కంట్లో పడితే చూపుకే ముప్పు, పిల్లల్ని దగ్గరకు రానీయకూడదు.

చెమ్మెక్కే మట్టిగోడకు సున్నమే మేలు. చెమ్మను బయటకు పోనిస్తుంది. అదే గోడకు ప్లాస్టిక్ పెయింట్ వేస్తే చెమ్మ లోపలే చిక్కి, రంగు పొరలు పొరలుగా ఊడుతుంది. అయితే పాత నూనె రంగు మీద సున్నం పట్టదు.

పాత రంగుతో జాగ్రత్త

ఆ నూనె రంగును గీకేటప్పుడే అసలు ప్రమాదం. ఇళ్ల రంగుల్లో సీసం పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న కేంద్ర నిబంధన 2017 నవంబరు 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు తలుపులకు, కిటికీలకు, గోడల అడుగు పట్టీలకు వేసిన ఎనామిల్ రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఆకుపచ్చ, ఎరుపుల్లో, సీసం బాగా ఉండే అవకాశముంది. సీసం పసిపిల్లల మెదడును దెబ్బతీస్తుంది. గర్భిణులకూ మంచిది కాదు. పనిచేసే రంగుల మేస్త్రీ ఆ దుమ్మును రోజంతా పీలుస్తాడు, అతని ఊసు ఎవరూ ఎత్తరు.

పొడి గోడ మీద ఉప్పు కాగితం రుద్దించవద్దు. నీళ్లతో తడిపి రుద్దాలి, ముక్కుకు మంచి మాస్కు ఉండాలి. కింద పట్టా పరిచి, రాలిన పెచ్చులు మూటకట్టాలి. చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది, తడిగుడ్డతో తుడవాలి. ఆ పెచ్చులు గొడ్ల చావిడి వైపు, కూర పాదుల్లో పడేయకూడదు. పశువులకూ సీసం విషమే. పని ముగిసే దాకా పిల్లల్ని, గర్భిణులను పక్కింట్లో ఉంచాలి. పాత రంగు పెచ్చులూడకుండా గట్టిగా ఉంటే గీకడం మాని, తడిపి పైపైన రుద్ది దాని మీదే కొత్త పెయింట్ వేయించుకోవచ్చు.